భూమిక్రింది కాలువలు

ఆదోని పురపాలక సంఘము 1865వ సంవత్సరమున ఏర్పడినది. పత్తి వర్తకమున ఆ పట్టణమునకు గల ఖ్యాతి వేరుగ చెప్పనక్కరలేదు. ఎమ్మిగనూరు చేనేత పేరు 1938లో మాచాని సోమప్పగారు స్థాపించిన సహకార సంఘముతో దూరదేశములకు ప్రాకినది. ఇట్టి పట్టణములందు మురుగునీటి ప్రస్తావన వచ్చునప్పటికి పెద్దలు ముక్కు మూసికొని ప్రక్కకు తొలగుదురు. భూమిక్రింద కాలువలు వేయించిన గాని రోగములు వదలవని మేమును ఒప్పుకొందుము. అయితే ఆ కాలువలలో దిగువాడెవడని మొదట అడుగవలసియున్నది.

తెలుగునాట ఈ కార్యము పెద్దయెత్తున జరిగినది హైదరాబాదునందు. 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగి వేలకొలది జనులను పొట్టన బెట్టుకొన్నది. మరుసటి యేట నిజాము ప్రభుత్వమువారు మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారిని పిలిపించిరి. వరద నాపుటకు జలాశయములను, నగరమునకు మురుగుకాలువలను గూడ ఆయన సూచించిరి. ఉస్మాన్‌సాగరు 1920లోను, హిమాయత్‌సాగరు 1927లోను సిద్ధమైనవి. మురుగు పద్ధతికి మాత్రము 1931 వరకు మోక్షము కలుగలేదు. కంటికి కనబడు కట్టకు దొరకినంత శీఘ్రముగ మంటిలోని గొట్టమునకు ధనము దొరకదు గదా! విశ్వేశ్వరయ్యగారి విగ్రహములకు దండలు వేయువారిలో ఈ సంగతి తలచువారెందరో!

ఆ పద్ధతి 54 చదరపు కిలోమీటర్లకు, 4 లక్షల 68 వేల జనులకు ఉద్దేశింపబడినది. నేడు నగరము కోటి దాటినది, మూసీ మురుగునదియైనది. మన రెండు పట్టణముల జనసంఖ్య 2011 లెక్కలలోనే సుమారు 2 లక్షల 61 వేలు. నాటి హైదరాబాదు ఏర్పాటులో సగమునకు మించినవారము మనము. చిన్న ఊళ్లకు ఇవి ఏలయను మాట ఇక చెల్లదు.

మురుగుకాలువకు ప్రాణము నీరు. వాలు చాలినంత యుండి, నీరు చురుకుగ పారినప్పుడే మలినము కొట్టుకొనిపోవును. వెనుకటి ఇంజనీర్లు ఇటుకలతో కట్టిన పెద్దకాలువలను కోడిగ్రుడ్డు మొన క్రిందికి నిలిపిన యాకృతిని కట్టుట ఇందుకే. నీరు కొంచెమైనను ఇరుకైన అడుగున వేగముగ పోవును. ఆదోనియో, తుంగభద్ర దిగువ కాలువలో నీరు నిలిచిపోయినప్పుడు బసాపురము చెరువు వంక చూచు ఊరు. నీరు చాలనిచోట మలినము అడుగున పేరుకొనును, గొట్టము పూడును, విషవాయువు నిండును. అప్పుడు గుత్తేదారుడు ఒక పేదవానికి నాలుగు డబ్బులు చూపి మాన్‌హోలులోనికి దింపును. వాని కులమేదో పాఠకులు ఎరుగనిది కాదు. మొదటివాడు పడిపోగా లాగబోయిన రెండవవాడును అందే ప్రాణము విడుచును.

ఇది చట్టము లేక జరుగుచున్నది కాదు. పాకీపనిని నిషేధించుచు 1993లో ఒకటి, 2013లో మరియొకటి శాసనములైనవి. మురుగుకాలువలో మరణించినవాని కుటుంబమునకు పది లక్షల రూపాయలు ఇయ్యవలెనని 2014లో సుప్రీంకోర్టు ఆజ్ఞాపించినది. 2023 అక్టోబరులో దానిని ముప్పది లక్షలు చేసినది. తెలుగు కుటుంబమున పుట్టిన బెజవాడ విల్సనుగారు ఈ పోరాటమునకై జీవితమును ధారపోసి 2016లో మెగసెసే బహుమానము నందిరి. బహుమానమునకు మనము మురిసితిమి. పని యెంతవరకు నిలిపితిమి?

కావున మన పురపాలక సంఘములవారు గోతులు త్రవ్వించుటకు పూర్వమే పూడిక తీయు యంత్రములను కొనవలెను. వానికి ప్రతివత్సరము ఖర్చును బడ్జెటులో చూపవలెను. మనుష్యుని దింపిన గుత్తేదారుని గుత్త రద్దగునని ఒడంబడికలో వ్రాయింపవలెను. మురుగు చేరవలసిన శుద్ధికేంద్రమునకు స్థలమును ముందే నిర్ణయింపవలెను. లేనిచో ఆ మురుగు తుంగభద్ర చేరును, దిగువనున్న కర్నూలువారు త్రాగునది అదియే. శుద్ధియైన నీటిని వానకై ఆకాశము చూచుచున్న మన పత్తిచేలకు మళ్లింపవచ్చును. పనికి టెండర్లు పిలుచునాడు ఈ నిబంధనలు అందున్నవో లేవో వార్డు సభ్యులను ఓటర్లు నిలదీసి అడుగవలెను.