జాబితాలో లేని స్త్రీ

యుద్ధం ముగిసిందన్న వార్త వినగానే మనం ఊపిరి పీల్చుకుంటాం. కాని తుపాకులు మౌనం వహించినంత మాత్రాన వెలివేత అంతమవుతుందా? శ్రీలంక ఉత్తర ప్రాంత ముస్లిముల అనుభవం ఇందుకు చేదు సమాధానం చెబుతోంది.

1990 అక్టోబరులో ఎల్‌టీటీఈ ఆ ప్రాంతపు ముస్లిములందరినీ వెళ్ళగొట్టింది. జాఫ్నా వాసులకు లభించిన వ్యవధి రెండు గంటలు. సుమారు 75 వేల మంది నిరాశ్రయులయ్యారు. వారి మాతృభాష తమిళమే. అయినా తమిళుల హక్కుల కోసం పోరాడుతున్నామన్నవారే వారిని పరాయివారుగా తేల్చారు. అత్యధికులు పుత్తళం చేరుకున్నారు. స్థానిక ముస్లిములు మదీనా అన్సార్లను తలపించే ఆదరణ చూపారు. అయితే ఏళ్ళు గడిచేకొద్దీ భూమి వద్ద, కూలిపని వద్ద ఇరుపక్షాల మధ్య పొరపొచ్చాలు తప్పలేదు. 2009లో యుద్ధం ముగిశాక నిర్వాసితులను ‘పాతవారు’, ‘కొత్తవారు’ అని విభజించారు. 1990 నాటివారు పాతవారి లెక్కలో చేరి వెనుకబడ్డారు.

వారిలో ఒక వితంతువును ఊహించుకుందాం. ఆమె తమిళుల నడుమ ముస్లిం, ముస్లిముల నడుమ శరణార్థి, శరణార్థుల నడుమ భర్త లేని స్త్రీ. వదిలివచ్చిన ఇంటి దస్తావేజు భర్త పేరిట ఉంటే, ఆ కాగితం కూడా పోయి ఉంటే, ఆమె తన హక్కును ఎలా రుజువు చేసుకోగలదు? చర్చలలో సమాజం తరఫున మాట్లాడే పెద్దలకు ఆమె ఇంటి సమస్య చిన్నదిగా తోస్తుంది. స్త్రీల కోసం వచ్చిన పథకం ఆమె నిర్వాసిత స్థితిని గమనించదు. ఈ కష్టాలు విడివిడిగా రావు. ఒకదానితో ఒకటి పెనవేసుకొని వస్తాయి. కనుక పరిష్కారం కూడా వాటిని కలిపి చూడాలి.

ఈ చూపు మనకు కొత్తది కాదు. హజ్రత్ ఖౌలా (రజి) దైవప్రవక్త (స) సన్నిధిలో మొరపెట్టుకున్నప్పుడు ఆమె బాధలో దాంపత్యం, వయసు, పిల్లల పోషణ అన్నీ కలిసే ఉన్నాయి. ఆ మొరను అల్లాహ్ ఆలకించాడు. సూరయె ముజాదలా ఆ సందర్భంలోనే అవతరించింది.

మన మొహల్లాలలో జకాత్ జాబితా రాసేటప్పుడూ ఈ పాఠం గుర్తుంచుకుందాం. పేర్లు చెప్పేవారు సాధారణంగా పురుషులే. వేరే ఊరి నుంచి వచ్చి అద్దె గదిలో ఉంటున్న ఒంటరి తల్లి పేరు వారికి తెలియకపోవచ్చు. జాబితా ముగించేముందు మన ఇళ్ళలోని స్త్రీలను ఒకసారి అడుగుదాం. ఎవరు మిగిలిపోయారో వారికి తెలిసి ఉంటుంది.