అస్వామివిక్రయము

మనుధర్మశాస్త్రమునందు వివాదస్థానములు పదునెనిమిది చెప్పబడినవి. వానిలో నిక్షేపము రెండవది, అస్వామివిక్రయము మూడవది. ఒకరు నమ్మి దాచిన సొమ్ము నిక్షేపము. తనది కానిదానిని అమ్ముట అస్వామివిక్రయము. ఈ రెండును ఒకదాని వెంట నొకటి వచ్చుట సముచితమని మాకు తోచుచున్నది. నిక్షేపమును చిరకాలము చేతిలో నుంచుకొన్నవానికే, అది తనదను భ్రాంతి కలుగును గదా. లండను నగరమునందలి రాయల్ అకాడమీ 1962లో చేసిన పని ఇందుకు నిదర్శనము.

ఆ సంస్థయొద్ద లియొనార్డో డావిన్చి గీసిన చిత్ర మొకటి యుండెను. మరియమ్మ, ఆమె తల్లి అన్నమ్మ, బాలయేసు, బాలయోహాను అందలి వ్యక్తులు. ఎనిమిది కాగితముల నతికి, బొగ్గుతోను తెల్లని సుద్దతోను వ్రాసినది, ఎత్తు 141.5 సెంటీమీటర్లు. ఇట్టి మూలచిత్రమును పాశ్చాత్యులు కార్టూను అందురు. హాస్యచిత్రముల కా పేరు తరువాత వచ్చినది. రంగులు లేవు, అన్నమ్మ పైకెత్తిన చేయి రేఖామాత్రముగనే నిలిచిపోయినది. అయినను ఆ ముఖములయందలి నీడవెలుగుల మార్దవమును చూచినవారు మఱవజాలరు.

ఈ చిత్రము పెక్కు చేతులు మాఱినది. మిలానులో ఆర్కొనాతి ప్రభువు దీని నుంచుకొనెను. లియొనార్డో వ్రాతపుస్తకములను 1637లో ఆంబ్రోసియన్ గ్రంథాలయమునకు దానము చేసినవా డితడే. పిమ్మట వెనీసులోని సాగ్రెడో కుటుంబమునకు చేరెను. వారియొద్ద 1763లో రాబర్ట్ ఉడ్నీ కొనెను. 1779 నాటికి అకాడమీ జాబితాలో కనబడుచున్నది. ఇంతవరకు దీని నేలినవారు గృహస్థులు. వారు కొనవచ్చును, అమ్మవచ్చును. అకాడమీ యట్టిది కాదు. రాజాదరమున 1768లో చిత్రకళాబోధనకును ప్రదర్శనమునకును వెలసిన సంస్థ యది. దాని గోడ నెక్కిననాడే చిత్రము గృహస్థుని సొత్తు కాకుండపోయినది. విద్యార్థులకును ప్రజలకును నిక్షేపమైనది.

నూట యెనుబది మూడేండ్లు గడచిన పిమ్మట అకాడమీ దానిని అమ్మజూపెను. దేశమే కొనదలచినచో 8,00,000 పౌన్లు చెల్లింపవలెను. లేనిచో వేలము తప్పదు. జాతీయ కళాసంగ్రహనిధివారు చందాలకు పిలుపునిచ్చిరి. చిత్రమును ప్రదర్శింపగా నాలుగు నెలలలో రెండున్నర లక్షలకు పైగా జనము చూచిరి. ప్రజలు 4,50,000 పౌన్లు కూర్చిరి. ప్రభుత్వము 3,50,000 చేర్చెను. చిత్రము నేషనల్ గ్యాలరీకి దక్కెను. రెండు భవనముల నడుమ దూరము మైలునకు లోపే. ఆ కొద్దిపాటి ప్రయాణమునకు ఇంత సుంకమా!

దీనిని సమర్థించువారు లేకపోలేదు. అకాడమీ ప్రభుత్వ భృతి నెఱుగదు, స్వార్జితముతో బ్రతుకును, పాఠశాలను నడపవలెను, ఒక చిత్రము నమ్మి సంస్థను నిలుపుకొనుట తప్పా యని వారి ప్రశ్న. న్యాయస్థానమున అకాడమీయే యజమాని యని మేమును ఒప్పుకొందుము. కాని చట్టము దండింపకుండుట వేఱు, ధర్మము సమ్మతించుట వేఱు. విద్యార్థి కన్ను తెఱపింపవలసిన చిత్రము నమ్మి పాఠశాలను పోషించుట, విత్తనపు గింజలను వండుకొని సేద్యమును నిలిపితి మనుట వంటిది. అకాడమీకి ధనము కావలసియున్నచో, చిత్రమును పణముగ నొడ్డక, తన అవసరమునే ప్రజలకు చెప్పి యాచింపవచ్చును. చిత్రముకొఱకు ఇచ్చిన చేతులు పాఠశాలకొఱకు ఈయవని యెవరు చెప్పగలరు?

తుదకు చిత్రము ప్రజలకే దక్కినది గదా, కీడేమి యని మఱికొందఱు. దక్కినది చందాదారుల చలువవలన. అమ్మజూపినవారి ఔదార్యమువలన కాదు.

ఇది గతజలసేతుబంధనము కాదు. 2020లో అంటువ్యాధి మూలమున అకాడమీ ఆదాయము క్షీణింపగా, సర్ జార్జి బోమాంటు మరణశాసనముద్వారా 1830లో తమకు చేరిన మైకెలాంజిలో పాలరాతి శిల్పము నమ్మి ఉద్యోగులను కాపాడవలెనని సభ్యులలోనే కొందఱనిరి. అమ్మెడి తలంపు లేదని సంస్థ ప్రకటించెను, సంతోషమే. కాని 1962లో త్రొక్కిన దారి లేకున్నచో ఆ మాట నోటికి వచ్చెడిదా?

కావున మే మడుగునది ఒకటే. ప్రతి కళాశాలయు, తనయొద్ద నున్న వస్తువు ఎవరి చేతినుండి, ఏ యుద్దేశమున వచ్చినదో దాని ప్రక్కనే అందఱు చదువునట్లు వ్రాసి యుంచవలెను. దాతపేరు కన్నుల యెదుట నున్నచో వెలకట్టుటకు నోరాడదు. తాళపుచెవి చేతిలో నుండుట కావలివానికి గౌరవమే. అంతమాత్రమున భాండాగారము వానిది కాదు.