అమృత సరోవరము — ధర్మగుండము

పుణ్యతీర్థములను త్రవ్వించినవారి పేరులు శాసనములయందు దొరకును. వాని పూడిక తీసినవారి పేరులు దొరకవు. అయినను ఒక తీర్థము బ్రతికియుండుటకు మొదటివారికంటె రెండవవారే ముఖ్యకారకులు. పంజాబులోని అమృతసరమునందు సిక్కుల హరిమందిరమును చుట్టియున్న సరోవరము యొక్క చరిత్ర యీ మాటకు సాక్ష్యము. ఆ చరిత్రను జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతములందలి మా పాఠకులు తెలిసికొనుట నేడు మిక్కిలి యవసరమని మేము తలంచుచున్నాము. ‘ఎక్కడి అమృతసరము, ఎక్కడి కోరుట్ల!’ యని నవ్వువారుందురు. వారికి తగిన జవాబు ముందున్నది.

సిక్కుల నాలుగవ గురువగు రామదాసు 1577లో ఈ సరస్సును త్రవ్వింప నారంభించెను. దాని చుట్టును వెలసిన యూరికి మొదటిపేరు రామదాసపురము. సరస్సు పేరే పిదప ఊరికి సంక్రమించినది. ఐదవ గురువగు అర్జునదేవుడు సరస్సునకు ఇటుకకట్టడమును కట్టించి, నడుమ హరిమందిరమును నిర్మించి, 1604లో ఆదిగ్రంథమును అందు ప్రతిష్ఠించెను. పునాదిరాయి వేసినవాడు లాహోరు సూఫీ సాధువగు మియాన్ మీరు అని సంప్రదాయము చెప్పుచున్నది. మన గుడులు ఎత్తైన యరుగులపై నిలుచును; ఈ మందిరమునకు భక్తుడు మెట్లు దిగి పోవలెను. ద్వారములో, నాలుగు దిక్కులకును నాలుగు.

ఇట్టి స్థలమునకు వచ్చినన్ని విపత్తులు తక్కువ స్థలములకు వచ్చియుండును. 1757లో అహమ్మదుషా అబ్దాలీ సేనలు మందిరమును ధ్వంసమొనర్చి సరస్సును చెత్తతో పూడ్చినవి. 1762లో మందుగుండు పెట్టి మందిరమునే పేల్చివేసినవి. అడవులయందు దాగియుండి, గుఱ్ఱపు జీనులే యిండ్లుగా బ్రతుకుచుండిన ఆ జనులు ప్రతిపర్యాయమును తిరిగివచ్చి పూడిక తీసిరి, మరల కట్టిరి. రణజితుసింగు మహారాజు బంగారు రేకులు తాపించుట పందొమ్మిదవ శతాబ్దిలోని మాట. యాత్రికులు చూచివచ్చి చెప్పునది ఆ బంగారమును గూర్చియే. మేము చెప్పదలచినది ఆ బురదను గూర్చి.

ఆ బురద తీయుటకు సిక్కులు ‘కార్ సేవ’ యని పేరు పెట్టిరి. సరస్సులోని నీటిని తోడివైచి, అడుగున చేరిన యొండ్రును భక్తులే తట్టలకెత్తుకొని మోసెదరు. కూలి లేదు, కంట్రాక్టు లేదు. 1923లో ఇట్టి సేవ జరిగినది; 1973లో జరిగినది; 2004లో మరల జరిగినది. రైతు, వర్తకుడు, ఉద్యోగి, గృహిణి అను భేదము లేక అందరును ఒకే వరుసలో నిలిచి తట్టలందించుకొనిరి. నడుమ 1984 వచ్చినది. ఆ జూను మాసమున మందిరావరణమున జరిగిన సైనికచర్యలో అకాల్ తఖ్తు శిథిలమయ్యెను. ప్రభుత్వము త్వరపడి దానిని బాగుచేయించెను. సిక్కులా మరమ్మతును స్వీకరింపరైరి. 1986లో ఆ కట్టడమును తామే పడగొట్టి, కార్ సేవచే తమ చేతులతోనే తిరిగి కట్టుకొనిరి. ఆ దినముల పంజాబు రాజకీయములలో మేము సమర్థింపజాలని హింస యెంతయో కలదు. కాని సర్కారు డబ్బుతో దేవుని గూడు కట్టించుకొనమను ఈ యొక్క పట్టుదలకు మాత్రము మేము తలయొగ్గక తప్పదు.

ఈ పట్టుదల యొక్కనాట పుట్టినది కాదు. 1849లో పంజాబు ఆంగ్లేయుల పాలయిన పిమ్మట మందిరపు పెత్తనము దొరలు నియమించిన సర్బరాహు చేతిలో పడినది. 1919లో, ఆ మందిరమునకు కూతవేటు దూరమున జలియన్‌వాలాబాగులో నెత్తురు పారించిన డయ్యరు సేనానికి ఈ మందిరముననే మర్యాదలు జరిగినవనిన, ఆ పెత్తనమెట్టిదో వేరుగ చెప్పవలెనా? 1920 అక్టోబరు 12వ తేదీన, అంటరానివారని యెంచబడిన కులములనుండి సిక్కులైనవారు ప్రసాదము తీసికొనిరాగా పూజారులు దానిని ముట్టరైరి. వాదము పెరిగినది, తుదకు ప్రసాదము స్వీకరింపబడినది, అకాల్ తఖ్తు పూజారులు తమ స్థానము విడిచి పోయిరి. ఆ నవంబరులోనే శిరోమణి గురుద్వారా ప్రబంధక సంఘము పుట్టినది. అనగా, పంజాబులో దేవాలయ స్వాతంత్ర్యమునకును కులనిరసనకును పురుడు ఒకే యింట పోయబడినది. మా పాఠకులు ఈ యంశమును గట్టిగా గుర్తుంచుకొందురుగాక.

తరువాతి కథ రక్తాశ్రుమయము. 1921 ఫిబ్రవరిలో నన్‌కానా సాహెబునందు మహంతు కిరాయిమూకలచే నూరుమందికి పైగా సత్యాగ్రహులు చంపబడిరి. ఆ నవంబరులో ప్రభుత్వము హరిమందిరపు ఖజానా తాళపుచెవులను లాగికొనగా, జనులు చెరసాలలు నింపిరి. 1922 జనవరి 19న ఆ తాళపుచెవులను బాబా ఖరకుసింగు చేతికే తిరిగి యీయవలసి వచ్చెను. ఆ యేడే గురుకాబాగునందు కట్టెలు కొట్టుకొను హక్కునకై, చేయెత్తక లాఠీదెబ్బలు తినిన అకాలీలను దీనబంధు ఆండ్రూసు కన్నులార చూచి లోకమునకు తెలిపెను. ఫలము 1925నాటి గురుద్వారా శాసనము. గురుద్వారములు సిక్కులెన్నుకొనిన సంఘమునకు దఖలుపడినవి. స్త్రీలకును ఓటు కలిగినది.

ఆ 1925లోనే మన దక్షిణదేశమున నేమి జరిగినదో చూడుడు. చెన్నపురి రాజధానిలో పానగల్లు రాజాగారి మంత్రిత్వము హిందూ దేవాదాయ శాసనమును తెచ్చెను. మహంతుల దుర్వ్యయమును అరికట్టుటే దాని యుద్దేశము, ఉద్దేశము మంచిదే. కాని అధికారము వచ్చినది సర్కారు నియమించిన బోర్డునకు. అక్కడ భక్తులు తాళపుచెవులు గెలిచికొనిరి. ఇక్కడ తాళపుచెవులు ఒక పెత్తందారు మొలనుండి మరియొక పెత్తందారు మొలకు మారినవి. నిజామురాజ్యమందలి మన కరీంనగరు సీమ ఆ శాసనమునకైనను నోచుకొనలేదు. అక్కడ గుడుల వ్యవహారములు మతవ్యవహారశాఖ దయాధర్మమున నడచినవి. పిదప 1966, 1987 సంవత్సరముల దేవాదాయ చట్టములు వచ్చినవి. లెక్కలు కుదిరినవనుటకు సందేహము లేదు. కోనేటితో భక్తునకు గల సంబంధము మాత్రము మునిగి లేచుటతోనే సరి.

ఇక ‘ఎక్కడి అమృతసరము’ అనువారికి జవాబు. ధర్మపురిలో మనము స్నానమాడు గోదావరి నాందేడు మీదుగా వచ్చినదే. అచ్చట 1708లో గురు గోవిందసింగు దేహము చాలించెను. నేటికిని హజూరు సాహెబు తఖ్తును కడుగుటకు ప్రతిదినము బిందెతో నీరు తెచ్చునది ఆ గోదావరినుండియే. బీదరునందు గురునానకు పాదస్పర్శచే పుట్టినదని చెప్పబడు తీపినీటి ఊట కలదు. 1699లో ఖాల్సాకు తలయొగ్గిన పంచప్రియులలో నొకడగు సాహెబుసింగు ఆ బీదరు మంగలి. నాందేడు గురుద్వారా శాసనమును 1956లో చేసినది హైదరాబాదు శాసనసభయే; అనగా మన తెలంగాణా సభ్యులును చేయెత్తిన శాసనమది. పరాయి మాట యెట్లగును?

వేములవాడలో రాజన్నను చూడబోవువారు ముందు ధర్మగుండమున మునిగి, పిదప కోడెను కట్టుదురు. ఆ గుడి యావరణముననే ఒక దర్గా తరతరములుగ మ్రొక్కులందుకొనినది. మియాన్ మీరు కథ మనకు వింతగా తోపకుండుటకు ఇది చాలదా? చాళుక్యుల రాజధానిగా పంపకవికి నీడనిచ్చిన యూరది. ధర్మపురిలో నరసింహుని తెప్ప తేలుట బ్రహ్మపుష్కరిణిలో. సిరిసిల్ల నేతగాండ్ర యాడుబిడ్డలు, కోరుట్ల రైతుల యాడుబిడ్డలు బతుకమ్మను పంపునది చెరువునీటిలోనికే. నీటిని ఇంతగా పూజించు జనులు నీటియడుగును తాకుటకు మాత్రము టెండరు పిలువవలసినదేనా? 2015లో ఆరంభమైన చెరువుల పునరుద్ధరణలో రైతులు తమ సొంత ఖర్చుతో ఒండ్రుమట్టిని పొలములకు తోలుకొనిరి. ఫలముపై నమ్మకమున్నచో మనవారు తట్టయెత్తుటకు వెనుదీయరని తేలినదిగదా!

‘సిక్కుల సంఘములో మాత్రము కీచులాటలు లేవా?’ యని కొందరడుగుదురు. ఉన్నవి. 2011 ఎన్నికల పిమ్మట మరల ఎన్నికలు జరుగుటకు ఏండ్లు గడచినవి. పార్టీల పట్టు ఆ సంఘమున హెచ్చినది. మేము కోరునది వారి కమిటీలను కాదు, వారి తట్టలను. దేవాదాయశాఖను రద్దుచేయుమనియు మేమనుట లేదు. ఇంజనీర్లు నీటిని తోడింతురుగాక. లెక్కలు అధికారులే వ్రాసికొందురుగాక. మహాశివరాత్రికి ముందు వేములవాడలోను, ఫాల్గుణ బ్రహ్మోత్సవములకు ముందు ధర్మపురిలోను, ఒక్కొక్క దినము గుండము నడుగు భక్తుల చేతికి విడువవలెను. ఆ దినమున పార పట్టవచ్చినవానిని ఏ కులమని అడుగరాదు. తట్టయందుకొను వరుసలో పూజారిగారికి ముందొక మాదిగ సోదరుడు, వెనుకనొక నేతపని సోదరి నిలిచినచో ఏ శాస్త్రమును అడ్డు చెప్పరాదు. కూలి యుండరాదు, మధ్యాహ్నము అందరికి ఒకే బంతిలో భోజనము మాత్రముండవలెను. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల పట్టణముల యువజనులు మొదటి యేటి వరుసకు తమ పేరులిచ్చి, ఆ పట్టికను తీసికొని ఆలయాధికారుల యొద్దకు పోవలసినదని మా మనవి.