పెట్టెలో యంత్రము సరే, యంత్రములో తెలుగేది?

చిక్కబళ్ళాపురము, బాగేపల్లి, చింతామణి తాలూకాల మన పిల్లలు చదువులకును ఉద్యోగములకును విదేశములకు పోవుచున్నారు. దేవనహళ్ళి విమానాశ్రయము మనకు ఇంటిగుమ్మమే కదా! ప్రయాణమునకు ముందు ల్యాప్‌టాప్ విషయమై తండ్రులు పడు శ్రమ యింతింత కాదు. విడి బ్యాటరీలు, పవర్ బ్యాంకు చేతిసంచిలోనే యుండవలెనని తెలిసికొందురు. అమెరికాలో కరెంటు 120 వోల్టులే గనుక, అడాప్టరుపై 100–240 అని యున్నదో లేదో చూతురు. విలువైన సామానునకు పోవునప్పుడే కస్టమ్సువారివద్ద పత్రము పొందుదురు. తిరిగివచ్చునప్పుడు సుంకపు చిక్కు రాకుండుటకు. మంచిదే. కాని ప్లగ్గు కొరకు పడిన శ్రమలో పదవవంతు తెలుగు కొరకు పడినవా రెందరు?

తెలుగక్షరములు 1991 నుండియే యూనికోడులో నున్నవి. కీబోర్డు చేర్చుకొనుటకు పైకము అక్కరలేదు. సెట్టింగులలో ఐదు నిమిషముల పని.

“మావాడు బడిలో కన్నడము, ఇంగ్లీషు చదివినాడు, తెలుగు వ్రాయుట రాదు” అందురు. ఈ సాకును మేము అంగీకరింపము. కన్నడ లిపి వచ్చినవానికి తెలుగు లిపి యెంత దూరము? ఒక్క వేసవి సెలవు చాలును. కైవార తాతయ్య తత్త్వములను అమ్మమ్మ నోట విని పెరిగిన బిడ్డ, ఆ అమ్మమ్మకే ఇంగ్లీషు అక్షరములతో తెలుగు వ్రాసి పంపుచున్నాడు. పెద్దబాలశిక్ష చదివిన ఆమె, మనుమని క్షేమము తెలియుటకు పొరుగింటివారిని బతిమాలుకొనవలసి వచ్చుచున్నది. ఇది మనకు సిగ్గు కాదా?

సోదరులారా! పెట్టె కట్టుటకు ముందు, ఆ యంత్రము మీదనే అమ్మమ్మకు తెలుగున ఒక జాబు వ్రాయించుడు. వ్రాయలేకపోయినచో, టిక్కెట్టు తేదీకి ఇంకను ఎన్ని దినము లున్నవో లెక్కించి, ఆ సాయంకాలమే పలక చేతికిండు.