ట్యూబ్ మార్చాం సరే... చోక్ తీశామా?

మీ ఇంట్లో ట్యూబ్‌లైటు కొట్టుకుంటోందా? ‘అదెప్పుడూ అంతే, కాసేపటికి సర్దుకుంటుంది’ అని వదిలేశారా? మేమూ అలాగే వదిలేశాం. ఆ నిర్లక్ష్యం మమ్మల్ని తలనొప్పి మాత్రల దాకా తీసుకెళ్లింది. అందుకే ఈ నాలుగు మాటలు.

మాది హనుమాన్ జంక్షన్. విజయవాడ, ఏలూరు, గుడివాడ, నూజివీడు దారులు కలిసే చోటు కాబట్టి ఏం కావాలన్నా సెంటర్‌కి వెళ్తే దొరుకుతుంది. రెండేళ్ల కిందట పాత ట్యూబ్‌లైటు పోతే అక్కడే ఓ దుకాణంలో నాలుగడుగుల ఎల్‌ఈడీ ట్యూబు కొన్నాను. ఉన్నవాటిలో చవకైనదే అడిగి మరీ తీసుకున్నాను. ‘పాత పట్టీకే పెట్టేసుకోవచ్చు సార్’ అన్నాడు దుకాణం కుర్రాడు. స్టూలెక్కి నేనే బిగించాను. వెలిగి ఆరింది, ఆరి వెలిగింది. స్టార్టరు పీకేశాను. లైటు నిలబడింది. ఇంట్లోవాళ్ల ముందు పెద్ద ఇంజినీరులా కిందికి దిగాను.

మా ఆవిడ బడిలో లెక్కల టీచరు. రాత్రిపూట ఆ లైటు కిందే పేపర్లు దిద్దుకుంటుంది. కొన్నాళ్లకు ఎనిమిదిన్నర అయ్యేసరికి కణతలు పట్టుకుని కూర్చోవడం మొదలైంది. కళ్లు మంటలనేది. వయసన్నాం, సెల్‌ఫోనన్నాం, కాఫీ తగ్గించమన్నాం. విజయవాడ వెళ్లి కళ్లు చూపిస్తే అద్దాలు సరిగ్గానే ఉన్నాయన్నారు. ఒక సంగతి మాత్రం ఆవిడే గమనించింది. కరెంటు పోయి, హాల్లో ఇన్వర్టరు బల్బు కింద కూర్చుని దిద్దిన రోజున తలనొప్పి రావడం లేదట. నేను నవ్వి ఊరుకున్నాను.

సంక్రాంతికి వచ్చిన మా మనవరాలు ఆ గదిలో డ్యాన్సు చేస్తూ ఫోన్లో వీడియో తీసుకుంది. ‘తాతయ్యా, ఈ గదిలో తీస్తే వీడియో నిండా నల్ల చారలు పడుతున్నాయి’ అంది. అదే ఫోన్‌తో హాల్లో తీస్తే చారల్లేవు. అప్పుడు వెలిగింది నాకు. విషయం ఆలస్యంగా ఎక్కే మనిషిని మనం ఏమంటామో మీకు తెలుసుగా... ట్యూబ్‌లైటు!

కంటికి కనపడని మిణుకు

మన ఇళ్లకు వచ్చే కరెంటు 230 వోల్టులు, 50 హెర్ట్జ్. ఒక్కో చక్రంలో అది రెండుసార్లు పైకి లేచి, రెండుసార్లు సున్నాకు దిగుతుంది. అందువల్ల చోక్‌తో వెలిగే పాత ట్యూబ్‌లైటు కూడా సెకనుకు 100 సార్లు మిణుకుతూనే ఉండేది. అయితే గాజు లోపలి తెల్లపూత, కరెంటు తగ్గిన క్షణంలోనూ కాస్త వెలుగును పట్టి ఉంచేది. ఎల్‌ఈడీకి ఆ ఓపిక లేదు. కరెంటు తగ్గిన మరుక్షణమే వెలుగూ పడిపోతుంది. ఆ ఎగుడుదిగుళ్లను చదును చేసే బాధ్యత ట్యూబు లోపలుండే డ్రైవర్ అనే చిన్న సర్క్యూట్‌ది. అందులో సరైన కెపాసిటర్ ఉంటే వెలుగు నిలకడగా వస్తుంది. ఖర్చు మిగుల్చుకోవడానికి చిన్నది పెడితే, లేదా మన ఎండలకు అది ఎండిపోతే, లైటు సెకనుకు 100 సార్లు దాదాపుగా ఆరి వెలుగుతుంటుంది. మీ కంటికి మాత్రం నిండుగా వెలుగుతున్నట్టే ఉంటుంది.

కంటికి కనపడనిది మనల్నేం చేస్తుందని మీరడగొచ్చు. 1989లో బ్రిటన్‌లో ఆర్నాల్డ్ విల్కిన్స్, ఆయన సహచరులు ఒక కార్యాలయంలో ఇదే పరీక్షించారు. సెకనుకు 100 సార్లు మిణికే మామూలు చోక్ లైట్లను, సెకనుకు వేల సార్లు మిణికే ఎలక్ట్రానిక్ చోక్ లైట్లను మార్చి మార్చి వాడి చూశారు. రెండో రకం లైట్ల కింద ఉద్యోగుల తలనొప్పులు, కళ్ల అలసట సగానికి పైగా తగ్గాయి. మనం చూశామని గుర్తించకపోయినా కన్ను, మెదడు ఆ మిణుకును అందుకుంటూనే ఉంటాయి. పైగా చదివేటప్పుడు కన్ను పంక్తి మీద జారదు, గెంతుతుంది. ప్రతి గెంతులోనూ ఈ మిణుకు అడ్డుపడుతుంది. పార్శ్వపు నొప్పి ఉన్నవాళ్లకు, రోజంతా పుస్తకాల ముందుండే పిల్లలకు ఈ బాధ ఎక్కువ.

కంటికి కనపడేలా కొట్టుకునే లైటుతో మరో ప్రమాదం ఉంది. మూర్ఛ, అంటే ఫిట్స్ ఉన్నవారిలో సుమారు నూటికి ముగ్గురికి మెరిసే వెలుగు వల్ల ఫిట్స్ రావచ్చు. సెకనుకు 3 నుంచి 30 మెరుపులు వారికి ప్రమాదకరం. 1997 డిసెంబరులో జపాన్‌లో టీవీలో వచ్చిన పోకెమాన్ కార్టూన్‌లో ఎరుపు, నీలం వెలుగులు సెకనుకు 12 సార్లు మెరిసేసరికి 600 మందికి పైగా పిల్లలను ఆసుపత్రులకు తీసుకెళ్లాల్సి వచ్చింది. పాడైన లైటు కొట్టుకునే వేగం కూడా ఇంచుమించు ఈ పరిధిలోనే ఉండొచ్చు. ఇంట్లో ఫిట్స్ ఉన్నవారుంటే అలాంటి లైటును ఒక్క పూట కూడా ఉంచకండి. అలాంటి వెలుగు ఎదురైతే కళ్లు మూసుకుంటే చాలదు. ఒక కంటిని అరచేత్తో పూర్తిగా కప్పుకుని, ముఖం పక్కకు తిప్పుకోమని చెప్పండి.

మీరే పరీక్షించుకోండి

దీనికి పెద్ద యంత్రాలు అక్కర్లేదు. ఫోన్ కెమెరాను లైటుకు దగ్గరగా పెట్టి స్లోమోషన్‌లో వీడియో తీయండి. దట్టమైన చారలు కదులుతున్నా, వెలుగు ఆగి ఆగి వస్తున్నట్టున్నా అనుమానించండి. ఫోన్ లేని పెద్దవాళ్లకు పెన్ను చాలు. లైటు కింద పెన్నును రెండు వేళ్లతో పట్టుకుని విసనకర్రలా గబగబా ఊపండి. మసకగా, విసనకర్ర పరిచినట్టు కనిపిస్తే మంచిదే. పది పెన్నులు విడివిడిగా ఉన్నట్టు కనిపిస్తే లైటు మిణుకుతున్నట్టే. తిరిగే ఫ్యాను రెక్కలు ఆగినట్టో, వెనక్కి తిరుగుతున్నట్టో కనిపించడమూ దీనికి గుర్తే. ఇవన్నీ అంచనాకు పనికొచ్చే పరీక్షలే, కచ్చితమైన కొలతలు కావు. ఇంట్లో ఇబ్బంది పెట్టని మరో లైటుతో పోల్చి చూసుకోండి.

తప్పు ఎక్కడుందో వరసగా చూడండి. అన్నిటికన్నా మామూలు కారణం మా ఇంట్లో జరిగిందే. లైటు మార్చాం, పాత పట్టీని అలాగే ఉంచేశాం. ఎల్‌ఈడీ ట్యూబుల్లో కొన్నింటికి నేరుగా 230 వోల్టులు ఇవ్వాలి, చోక్, స్టార్టరు ఉండకూడదు. కొన్నింటిని పాత చోక్‌తోనే వాడొచ్చు గానీ, మామూలు స్టార్టరు తీసేసి ట్యూబుతో పాటు ఇచ్చే ప్రత్యేక స్టార్టరు పెట్టాలి. ఎలక్ట్రానిక్ చోక్ ఉన్న పట్టీకైతే దానికి సరిపడేదే కొనాలి. ఏది ఏ రకమో అట్టపెట్టె మీద బొమ్మగీసి ఉంటుంది. మనం దాన్ని చూడకుండానే చెత్తబుట్టలో వేస్తాం.

పట్టీ సరిగ్గానే ఉంటే హోల్డర్ చూడాలి. మన డెల్టా ఉక్కకు లోపలి రేకులు చిలుము పడతాయి, పట్టు వదులవుతుంది. ట్యూబును కాస్త తిప్పగానే లైటు నిలబడితే హోల్డర్ మార్చాలి. వేసవి సాయంత్రాల్లో ఊరంతా ఏసీలు వేశాకే లైటు కొట్టుకుంటుంటే వోల్టేజీ తగ్గుతోందన్నమాట. స్విచ్ ఆపాక కూడా లైటు గుడ్డిగా వెలుగుతుంటే, స్విచ్ ఫేజుకు బదులు న్యూట్రల్ మీద ఉండొచ్చు, లేదా స్విచ్‌లోని చిన్న ఇండికేటరు దీపం కారణం కావచ్చు. మొదటిదైతే ప్రమాదం. స్విచ్ ఆపినా పట్టీలో కరెంటు ఉంటుంది.

ఒక లక్షణాన్ని మాత్రం అసలు తేలిగ్గా తీసుకోవద్దు. ఇంట్లో కొన్ని లైట్లు ఒక్కసారిగా మరీ ప్రకాశవంతంగా, కొన్ని మసకగా మారుతుంటే, ఫ్యాను ఉన్నట్టుండి వేగం పెంచితే న్యూట్రల్ వదులై ఉండొచ్చు. టీవీ, ఫ్రిజ్ కాలిపోవచ్చు, మంటలు రావచ్చు. వెంటనే మెయిన్ ఆపేసి 1912కు ఫోన్ చేయండి.

నాలాగా స్టూలెక్కకండి

నేను చేసిన పనిలో చమత్కారం లేదు, తెలివితక్కువతనం ఉంది. కొన్ని ఎల్‌ఈడీ ట్యూబుల్లో ఫేజు ఒక చివర, న్యూట్రల్ ఇంకో చివర ఉంటాయి. స్విచ్ ఆపకుండా ఒక చివర దూర్చి రెండో చివర పట్టుకుంటే ఆ పిన్నుల నుంచి షాకు కొట్టే ప్రమాదముంది. స్విచ్‌నే నమ్ముకోకుండా మెయిన్ ఆపాలి. వైరింగు మార్చే పని ఎలక్ట్రీషియన్‌దే. చోక్ తీసేశాక పట్టీ మీద ‘ఎల్‌ఈడీ మాత్రమే’ అని పెద్దక్షరాలతో రాసి అంటించమని చెప్పండి. రేపు ఇల్లు మారిన తర్వాత అద్దెకు వచ్చేవాళ్లు తెలియక అందులో పాత రకం ట్యూబు పెడితే షార్ట్ సర్క్యూట్ కావచ్చు.

తీసేసిన పాత ట్యూబులో కొద్దిపాటి పాదరసం ఉంటుంది. అది పగిలితే కిటికీలు తెరిచి, పిల్లల్ని బయటికి పంపండి. చీపురుతో ఊడవకుండా అట్టముక్కతో ముక్కలు పోగుచేసి, తడిగుడ్డతో తుడవండి. పగలని ట్యూబును చెత్తబండిలో విసిరేయకుండా ఈ-వ్యర్థాలు తీసుకునేవారికి ఇవ్వండి. పాదరసంపై మినమాటా ఒప్పందం ప్రకారం 2027 చివరికల్లా ఇలాంటి ట్యూబుల తయారీ, ఎగుమతి, దిగుమతులు ఆగిపోవాలి. అంటే నేడో రేపో ప్రతి ఇంట్లోనూ ఈ మార్పిడి జరగక తప్పదు. నేను ఇంత గట్టిగా చెప్పడానికి కారణం అదే.

మా ఇంటి కథ ఎలా ముగిసిందో చెప్పాలి కదా. ఎలక్ట్రీషియన్ వచ్చి చోక్ తీసి నేరుగా వైరింగు చేశాడు. ఫోన్లో చారలు మాత్రం పోలేదు. ట్యూబు లోపలి డ్రైవరే నాసిరకం. ఈసారి దుకాణంలోనే వెలిగించి, ఫోన్‌తో చూసి, వారంటీ బిల్లు రాయించుకుని ఇంకొకటి కొన్నాను. చారలు పోయాయి. రెండు వారాల తర్వాత మాత్రల డబ్బా టేబుల్ మీద నుంచి అలమారలోకి వెళ్లింది. ఇది మా ఇంటి అనుభవమే, శాస్త్రీయ రుజువు కాదు. ప్రతి తలనొప్పికీ లైటే కారణమని నేననను. ముందు కళ్లు చూపించుకోండి. ఉన్నట్టుండి వచ్చిన తీవ్రమైన తలనొప్పి అయినా, దానికి వాంతులు, చూపు మసకబారడం, కాలూ చెయ్యీ బలహీనపడటం తోడైనా లైటు గురించి ఆలోచిస్తూ కూర్చోకుండా ఆసుపత్రికి వెళ్లండి. వెలుతురు మారితే పోయే తలనొప్పి మాత్రం మందులషాపులో తీరేది కాదు.

ఇక ఖర్చు మాట. 36 వాట్ల పాత ట్యూబు, చోక్‌తో కలిపి 46, 47 వాట్లు తాగేది. ఎల్‌ఈడీకి 20 చాలు. రోజుకు ఐదు గంటలు వేసినా ఏడాదికి దాదాపు 50 యూనిట్లు మిగులుతాయి. నాసిరకానికీ మంచిదానికీ ఉన్న తేడా, ఎలక్ట్రీషియన్ కూలీ అందులోంచే వచ్చేస్తాయి. కూరగాయల దగ్గర వంకాయను తిప్పి తిప్పి చూసే మనం, పిల్లలు ఏళ్ల తరబడి చదువుకునే లైటును వాట్లు, ధర మాత్రమే అడిగి తెచ్చేసుకుంటాం. కొనేముందు తయారీదారు పేరు, బీఐఎస్ ముద్ర కింద ‘ఆర్’తో మొదలయ్యే నంబరు, వారంటీ ఉన్నాయో లేదో చూడండి. ‘మిణుకు లేనిది’ అని అట్ట మీద రాసి ఉన్నా వెలిగించి చూపించమని అడగండి. సిగ్గుపడాల్సిన పనేం లేదు.

ప్రభుత్వానికీ ఒక మాట. 2015 జనవరిలో మొదలైన ఉజాలా పథకంతో ఎల్‌ఈడీలు పేదింటికి కూడా చేరాయి, సంతోషం. అదే ఏడాది అమెరికా కేంద్రంగా పనిచేసే ఇంజినీర్ల సంస్థ ఐఈఈఈ, సెకనుకు 100 సార్లు మిణికే లైటులో హెచ్చుతగ్గులు సుమారు 8 శాతం లోపు ఉంటే ముప్పు తక్కువని సూచించింది. ఐరోపాలో 2021 సెప్టెంబరు నుంచి మిణుకుకు చట్టబద్ధమైన పరిమితులు వచ్చాయి. మన అట్టపెట్టెల మీద వాట్లు, వెలుగు, నక్షత్రాలు ఉంటున్నాయి. వాటి పక్కనే మిణుకు ఎంతో కూడా ముద్రించేలా చేయాలి. ఉప్పు పొట్లం మీద అయోడిన్ సంగతి చూసి కొనుక్కోవడం నేర్చుకున్నవాళ్లం, దీన్నీ చూసి కొనుక్కోగలం.

అది వచ్చేదాకా మీ చేతిలో ఫోనుంది. ఈ రాత్రి దీపాలు పెట్టగానే పిల్లలు చదువుకునే గదిలోకి వెళ్లి ఒక్కసారి వీడియో తీసి చూడండి. నాకు రెండేళ్లు పట్టింది. మీకు రెండు నిమిషాలు చాలు.