గుడియాత్తం పేరున్న విత్తనం

తెలుగు చదివే పిల్లకు చెనిక్కాయ ఆకుల గొడవ ఎందుకని అడుగుతారేమో. అడగండి, చెప్తాను.

వినాయక చవితికి ఊరికి పోయినప్పుడు మా అవ్వ నన్ను చేలోకి పిలుచుకొని పోయి ఒక ఆకు తిప్పి చూపించింది. "చూడు పాపా, చెట్టుకు అమ్మవారు పోసినట్టుంది" అనింది. ఆకు అడుగున నిండా నల్ల చుక్కలు. టిక్కా ఆకుమచ్చ తెగులు. నాయన అప్పటికే మందు తెచ్చి పెట్టుకున్నాడు. గట్టుకు అవతల చేను మాత్రం పచ్చగా ఉంది. అదే నేల, అదే వాన, విత్తింది కూడా అదే వారం. విత్తనం ఒకటే వేరు. మాది ఏళ్ళుగా ఇంట్లోనే దాచుకుంటున్న పాత గుత్తి రకం, వాళ్ళది కొత్త రకం.

తెగులు గాలిలో వస్తుంది, మన ఖర్మ అనుకుంటాం. గాలిలో రావడం నిజమే. కానీ వచ్చినవాటిలో ఏది కాపురం పెట్టాలో ఆకు కూడా నిర్ణయిస్తుంది. ఆకు మీది మైనపు పూత ఎంత మందం, పైకి ఊరే చక్కెరలు ఎన్ని, చెట్టు గుబురులో రాత్రి మంచు ఎంతసేపటికి ఆరుతుంది, ఇవన్నీ రకాన్ని బట్టి మారతాయి. 2015లో డెన్మార్క్ పరిశోధకులు గోధుమ, బార్లీ ఆకుల మీది శిలీంధ్రాలను డి.ఎన్.ఎ. పరీక్షతో చూసి, పంట మారితేనే కాదు, ఒకే పంటలో రకం మారినా ఆ గుంపు మారుతుందని చెప్పారు. మా అవ్వ గట్టు మీద నిలబడి చూపించింది కూడా అదే కదా!

ఇక అసలు సంగతి. టి.ఎం.వి. 2 అనే చెనిగ రకం పేరు రాయలసీమ వాళ్ళను అడిగితే చెప్తారు. 1940లో తిండివనంలో విడుదలైంది. దాన్ని ఎంపిక చేసింది దేనిలోంచో తెలుసా? 'గుడియాత్తం బంచ్' అనే రకంలోంచి. మన గుడియాత్తమే! ఇక్కడి గింజ అనంతపురం దాకా పోయి దశాబ్దాల తరబడి ఆ నేలను ఏలింది. సుమారు 105 రోజుల్లో కోతకు వస్తుంది, వానాధారం రైతుకు అంతకంటే ఏం కావాలి? కానీ ఆకుమచ్చకూ తుప్పు తెగులుకూ ఆ ఆకు ఇట్టే లొంగిపోతుంది. లక్షల ఎకరాల్లో ఒకే ఆకు ఉంటే, దానికి అలవాటుపడిన శిలీంధ్రానికి దారి పొడుగునా భోజనమే. 1970లో అమెరికాలో మొక్కజొన్నకు జరిగింది ఇదే. చాలా హైబ్రిడ్లు ఒకే తల్లి వరస నుంచి రావడంతో ఆకుమాడు తెగులు ఒక్క ఏడాదిలో దేశం పంటలో 15 శాతం దాకా తినేసింది.

అందుకే నేనంటాను, ప్రతి ఇంట్లో కనీసం రెండు రకాలు విత్తాలి. మా నాయన ఒప్పుకోడు. "కాయలు కలిస్తే మండీలో ధర కోస్తారు" అంటాడు. ఆ మాటలో న్యాయం ఉంది. తెగులు తట్టుకునే రకాలు చాలావాటికి పంటకాలం ఎక్కువ, తొక్క మందం. అయినా దారి లేకపోలేదు. ధార్వాడ్‌లో తీసిన జి.పి.బి.డి. 4లో అడవి చెనిగ జాతి నుంచి వచ్చిన నిరోధశక్తి ఉంది. హైదరాబాద్ పక్కన పటాన్‌చెరులో ఇక్రిశాట్ జన్యునిధిలో సుమారు 15 వేల చెనిగ నమూనాలు దాచారు. అన్ని ఉండగా మనం ఒకదాన్నే పట్టుకొని వేలాడటం నాకు నచ్చలేదు.

ఇంకొకటి, ఇది మన డిపార్ట్‌మెంటుకే చెందిన మాట. ఆకు మీద బతికే ప్రతిదాన్నీ మనం 'తెగులు' అనేస్తాం. చెట్టుకు ఏ హానీ చేయని ఈస్టులు ఆకు మీద బోలెడు ఉంటాయి. నల్ల మచ్చ మీదే తెల్లగా నూగులా పెరిగి, ఆ మచ్చ శిలీంధ్రాన్నే తినే డైసీమా పుల్వినాటా అనే ఇంకో శిలీంధ్రం ఉంది. మందు కొడితే అదీ పోవచ్చు. దాన్ని ఏమని పిలుద్దాం? మేడమ్‌గార్లు ఎవరైనా మంచి మాట చెప్తే బాగుండు.

ఈ కాగితం కింద రెండు ఆకులు అతికించాను. ఎడమది మా చేనిది, కుడిది గట్టుకు అవతలిది. దయచేసి ముట్టకండి, ఎండిపోయి ఉన్నాయి, రాలిపోతాయి.