మాటతో చేసే ఉద్యోగం: మన పిల్లలు చేరవచ్చునా?



డిగ్రీ చదివే పిల్లలున్న ఇళ్లలో ఇంటర్న్‌షిప్ అనే మాట తరచుగా వినబడుతోంది. చదువుకుంటూనే ఒక సంస్థలో కొంతకాలం పని నేర్చుకోవడమే దాని అర్థం. 2020లో మన రాష్ట్ర ప్రభుత్వం డిగ్రీ చదువులో పది నెలల ఇంటర్న్‌షిప్‌ను చేర్చింది. అమలాపురం, రాజోలు, కొత్తపేట ప్రాంతాల పిల్లలకు బ్యాంకులు, కంప్యూటరు కంపెనీలు తెలుసు గాని, పి.ఆర్. ఏజెన్సీలనే పౌర సంబంధాల సంస్థల గూర్చి తెలిసినవారు తక్కువ.

ఒక ఆసుపత్రి గాని, కంపెనీ గాని, సేవా సంస్థ గాని తన సంగతి ప్రజలకు చెప్పుకోవలసి వస్తుంది. వారి తరపున పత్రికా ప్రకటన రాయడం, విలేఖరుల సమావేశం ఏర్పాటు చేయడం, అపోహలు వస్తే జవాబు సిద్ధపరచడం ఈ సంస్థల పని. శిక్షణకు చేరినవారికి మొదట చిన్న పనులే ఇస్తారు. ఉదయాన్నే పత్రికలు చూసి కావలసిన వార్తలు ఏరాలి, విలేఖరుల ఫోను నంబర్లు సరిచూడాలి, ఇంగ్లీషు ప్రకటనను తెలుగులో రాయాలి. తప్పులు లేకుండా తెలుగు రాయగలవారికి ఇక్కడ విలువ ఉంది. సండేస్కూల్లో వాక్యం చదివి, యౌవనస్థుల కూడికలో నలుగురి ముందు మాట్లాడిన బిడ్డకు ఈ పని కొత్తగా తోచదు.

ఈ వృత్తికి పునాది వేసినవారిలో ఒకరైన ఐవీ లీ అమెరికాలో ఒక మెథడిస్టు పాదిరిగారి కుమారుడు. 1906లో అట్లాంటిక్ సిటీ దగ్గర రైలు వంతెన మీదనుండి నీటిలో పడి యాభైమందికి పైగా చనిపోయారు. అప్పుడు రైల్వే కంపెనీ సంగతి దాచకుండా తానే వివరం ప్రకటించి, విలేఖరులను ఆ స్థలానికి తీసుకొని వెళ్లేలా ఆయన చేశారు. అయితే అదే వ్యక్తి 1934లో, హిట్లరు ఏలుబడిలో ఉన్న జర్మనీలోని ఒక పెద్ద రసాయనాల కంపెనీకి సలహాదారుగా ఉన్నందుకు విమర్శల పాలయ్యారు. మాట నేర్పు ఒకటే. అది ఎవరి చేతిలో ఉన్నదో, దేనికి ఉపయోగపడుతున్నదో చూసుకోవాలి.

నిజమైన సమాచారం విలువ మన కోనసీమకు తెలుసు. 1995 జనవరి 8న పాశర్లపూడిలో గ్యాసు బావి పేలి, మంటలు 65 రోజులు ఆరలేదు. చుట్టుప్రక్కల వారు ఇళ్లు విడిచి వెళ్లవలసి వచ్చింది. అటువంటి సమయంలో ఎప్పుడు వెళ్లాలి, ఎప్పుడు తిరిగి రావచ్చు, గాలి, నీరు క్షేమమేనా అన్న ప్రశ్నలకు సరైన జవాబు అన్నంతో సమానం. ఆ జవాబు రాసే కుర్చీలో సత్యానికి భయపడే బిడ్డ కూర్చోవడం ఊరికే మేలు.

అబద్ధ సాక్ష్యము పలుకకూడదనే ఆజ్ఞ ఆఫీసులో కూడా ఆజ్ఞే. యజమాని గూర్చి మంచి చెప్పడంలో తప్పు లేదు. లేని మంచి చెప్పమన్నప్పుడు, ప్రజలకు హాని కలిగించే సంగతి దాచమన్నప్పుడు "అది నేను రాయలేనండీ" అని వినయంగా చెప్పగలగాలి. ఆ ధైర్యం మొదటి జీతం నాడు రాదు. ఇంటిలో చిన్ననాటి నుండి నేర్పాలి.

తల్లిదండ్రులకు కొన్ని సూచనలు. పని నేర్పుతామని చెప్పి ముందుగా రుసుము అడిగేవారిని నమ్మవద్దు. ఎన్ని నెలలు, ఏ పని, ఎవరి క్రింద, నెలకు ఎంత ఇస్తారు, చివర సర్టిఫికెట్టు ఇస్తారా అన్నవి కాగితం మీద వ్రాయించుకోండి. కొన్నిచోట్ల ఏమీ ఇవ్వరు. అప్పుడు హైదరాబాదులో హాస్టలు ఖర్చు మీరే భరించాలి గనుక అప్పు చేయకముందే లెక్క చూసుకోండి. ఆడపిల్లను పంపేటప్పుడు ఆఫీసును, బసను ఒకసారి స్వయంగా చూసి రండి. అక్కడి సంఘపు పెద్దలకు పరిచయం చేయండి.

ఇంతలో ఇంటివద్దే సాధన చేయవచ్చు. మీ సంఘంలో జరిగిన వైద్య శిబిరం గూర్చి పది వాక్యాలలో వార్త రాయించండి. వచ్చినవారు నలభైమంది అయితే నలభై అనే రాయమనండి. నాలుగు వందలని రాయాలనిపించినప్పుడు ఆగగలిగిన బిడ్డ ఏ ఆఫీసులోనైనా నిలువగలడు. ప్రభువు మన యౌవనస్థుల నోటికి, కలానికి కాపరిగా ఉండునుగాక.